లేని బేరింగుకి రోగం

పెళ్లిచూపుల్లో నన్ను "ఏం చేస్తుంటారు బాబూ?" అని అడిగారు. "వాడేసిన ఇంజన్ ఆయిలు పరీక్షిస్తానండీ" అన్నాను. కాబోయే మామగారు కాసేపు ఆలోచించి, "కొత్త ఆయిలు పరీక్షించే పోస్టు ఖాళీ లేదా?" అని సానుభూతిగా అడిగారు. సంబంధం కుదిరింది గానీ, ఆ ప్రశ్నకి రిటైరయ్యేదాకా నాకు సరైన జవాబు దొరకలేదు.

ఇలాంటి ల్యాబుల్లో కొత్తగా చేరుతున్న మీకు కూడా ఎవరో ఒకరు ఆ ప్రశ్న వేస్తారు. అప్పుడు చెప్పుకోవడానికి పనికొస్తుందని ఈ కొండమీది కథ రాస్తున్నాను. మా ఉద్యోగంలో ఉత్సాహం అంటే ఎవరో ఒకరు కుర్చీలోంచి లేవడమే. ఈ కథలో నేను లేవడమే కాదు, కొంచెం పరిగెత్తాను కూడా.

ముందు మా పని సంగతి నాలుగు మాటల్లో. ఇంజన్‌లో తిరిగే ప్రతి భాగమూ కాస్త కాస్త అరుగుతూ ఉంటుంది. ఆ పొడి ఆయిల్లో కలుస్తుంది. సిలిండరు అరిగితే ఇనుము, పిస్టను అరిగితే అల్యూమినియం. క్రాంక్‌షాఫ్టు అనే ఇరుసు తిరిగేచోట పలచని రేకుల్లాంటి బేరింగులు ఉంటాయి, జీపుల్లో, కార్లలో. అవి అరిగితే రాగి, సీసం, తగరం. చెంచాడు ఆయిలు స్పెక్ట్రోమీటరు అనే యంత్రానికి ఇస్తే అందులో ఏ లోహం ఎంత ఉందో చెప్పేస్తుంది. దాన్నిబట్టి బండి లోపల ఏది అవసానదశలో ఉందో మేం చెబుతాం. మనిషికి రక్తపరీక్ష ఎలాగో బండికి ఇది అలాగ అని చెప్పుకునేవాళ్లం, గౌరవం కోసం.

మా ల్యాబు విశాఖపట్నంలో. మా దగ్గరికి వచ్చే రోగులు ఎక్కువగా రేవులో క్రేన్లు, సముద్రం మీదికెళ్లే మరబోట్లు. ఒకరోజు మా మేనేజరుగారికి జనం సొంత వాహనాల ఆయిలు కూడా పరీక్షించాలని ఆలోచన వచ్చింది. ఆయనకి ఆలోచన వస్తే మాకు ప్రయాణం వస్తుంది. నగరంలో కార్లవాళ్లని అడిగి చూశాం. వాళ్లకి ఇంజన్ ఆరోగ్యం కన్నా సీటు కవర్లు ముఖ్యం. "అయితే కొండ మీదికి వెళ్లండి. అక్కడ జీపులు వాటిని నడిపేవాళ్ల కన్నా వయసులో పెద్దవి. ఘాట్‌లో ఇంజన్ పట్టేస్తే మెకానిక్కు కోసం కొండ దిగాలి. మన విలువ వాళ్లకి తెలుస్తుంది" అన్నారాయన. ఇంత సరైన మాట ఆయన నోట విని మేం కాస్త కంగారుపడ్డాం.

అలా గూడెం కొత్తవీధి దాటి, కాఫీ తోటల మధ్య ఉన్న ఒక ఊళ్లో, సంతరోజున మా బల్ల వేశాం. నేనూ, స్పెక్ట్రోమీటరు నడిపే మా సహోద్యోగినీ. ఆవిడ మామూలుగా పాఠ్యపుస్తకంలా మాట్లాడుతుంది. ఉత్సాహం వస్తే మాత్రం పుట్టిన విజయనగరం బయటికొస్తుంది. నాలుగేళ్లు పక్కపక్క బల్లల దగ్గర పనిచేసినా ఆ విజయనగరాన్ని నేను అప్పటిదాకా వినలేదు. మా ల్యాబు అంత ప్రశాంతం.

"ఉచిత ఆయిల్ పరీక్షా శిబిరం" అని బ్యానరు కట్టాం. పసుపుకొమ్ముల బేరం ముగించుకుని వచ్చిన ఒక ముసలమ్మ మా ముందు కూర్చుని, చీర కాస్త పైకి తీసి, "మోకాలికి ఏ ఆయిలు రాయాల బాబూ?" అంది. మా శిబిరంలో వచ్చిన మొదటి సాంకేతిక ప్రశ్న అది. మా సహోద్యోగిని ఆవిణ్ణి చెయ్యి పట్టుకుని ఆరోగ్యకేంద్రం దాకా దిగబెట్టి వచ్చింది. ఆ పుణ్యమే అనుకుంటాను, తర్వాత జనం వరసకట్టారు. జీపులు, ఆటోలు, బడి మాస్టారి చిన్న మోటారుసైకిలు. ఇంజన్ వేడిగా ఉండగా సన్నని గొట్టంతో ఆయిలు లాగి సీసాలో పోసుకోవడం, సీసా మీద నెంబరు వెయ్యడం, ఇదీ మా పని.

ఆకుపచ్చ జీపు నడుపుకుంటూ వచ్చినావిడ అందరిలో ముందే గుర్తుండిపోయింది. కాఫీ రైతు. నడివయసు. తలకి తువ్వాలు చుట్టుకుంది. బండి దిగుతూనే ఇంజను మీద చెయ్యేసి, జ్వరం చూసినట్టు చూసింది.

"బాబూ, నాకు ఒక్క మాట సెప్పండి సాలు. దీని నోపల బేరింగు ఉన్నాదా, పోనాదా?"

"ఎవరు పోయిందన్నారమ్మా?"

"కింద మెకానిక్కు. సప్పుడు ఇని పోనాదన్నాడు. తుక్కు కొనుక్కునే ఆసామి వొచ్చే సంతకి లారీ తెత్తానంటన్నాడు. పోతే ఇచ్చీత్తాను. ఇంజను కొత్తది కట్టించే తాహతు నాకు నేదు. ఉంటే మాత్రం ఇవ్వను. బండుంటే నా కాఫీ గింజలు నానే పట్టికెళ్లి అమ్ముకుంతాను. నేకపోతే గుమ్మంలోకి వొచ్చినోడు ఏటంటే అదే రేటు."

అంతకన్నా స్పష్టంగా సమస్య చెప్పిన ఖాతాదారుని నేను నా సర్వీసులో చూడలేదు. రేవువాళ్లు ఇదే విషయానికి మూడు మీటింగులు పెట్టేవారు.

"ఆయిలు ఎప్పుడు మార్చారు?"

"ఈమధ్యనే. ఫిల్టరూ మార్చీసినాను. కొత్త డబ్బా. నా సేత్తోనే పోసినాను."

ఆవిడ వెనకే తెల్ల జీపు ఆనుకుని ఒకాయన నవ్వుతూ నిలబడ్డాడు. ఆవిడ మరిది. ఆ చుట్టుపక్కల కొండలకి అతనే పెద్ద డ్రైవరు. అతని తెల్ల జీపు ఇంజను ఎలా పలుకుతుందో ఆ ఊరి ఇంజన్లన్నీ అలా పలకాలని అందరి కోరిక. మా సహోద్యోగిని సీసా పట్టుకుని అతని దగ్గరికెళ్లింది.

"మా బండికి పరీచ్ఛేటి అమ్మా?" అన్నాడు అతను. "పరీచ్ఛ పాసవనోళ్లకి కదా మళ్లీ పరీచ్ఛ!"

ఊరంతా నవ్వింది. మేమూ నవ్వాం. తెల్ల జీపు సీసా ఖాళీగానే తిరిగొచ్చింది.

విశాఖ చేరి సీసాలన్నీ యంత్రానికి ఇచ్చాం. యంత్రానికి నెంబరే తెలుసు, బండి తెలీదు. కాఫీ రైతుకి తొందర గనక మేనేజరుగారు ఆకుపచ్చ జీపు నెంబరు ఒక్కటీ వెతికి చూశారు. రాగి, సీసం, తగరం, మూడూ ఉన్నాయి. ఈమధ్యనే పోసిన ఆయిల్లో అంత ఉందంటే బేరింగులు అరగడం కాదు, కరిగిపోతున్నట్టు లెక్క. ఆయన వెంటనే ఫోనందుకుని, "బేరింగు పోయిందమ్మా" అని చెప్పేశారు. మా మేనేజరుగారు చెడ్డవార్తలు చాలా వేగంగా అందజేస్తారు. మంచివార్తలకి ఆయన సంతకం కావాలి, దానికి రెండు రోజులు పడుతుంది.

మిగతా కాగితాలు తీసుకుని, తర్వాతి సంతరోజు పొద్దున్నే నేనూ మా సహోద్యోగినీ ల్యాబు వ్యానులో బయల్దేరాం. నడిపింది నేను. నా డ్రైవింగు గురించి మా ఆవిడ అభిప్రాయం ఒకటుంది: నాతో కలిసి వెళ్లడం కన్నా ఉత్తరం రాయడం నయం. నర్సీపట్నం దాటి ఘాట్ ఎక్కుతున్నాం. పక్కన మా సహోద్యోగిని కాగితాలు ఒళ్లో పెట్టుకుని ఏ నెంబరు ఏ బండిదో జతచేస్తోంది.

"సార్, మాస్టారి బైకులో సీసం ఉంది."

"ఉండదు."

"ఉంది సార్."

"ఆ బైకుకి ఆ బేరింగులే ఉండవమ్మా. దాని క్రాంకు ఉక్కు గుండ్ల మీద తిరుగుతుంది. లేని బేరింగు ఎలా అరుగుతుంది?"

"తగరం కూడా ఉంది."

నేను వ్యాను పక్కకి ఆపాను. ఇలాంటి మాటలు మలుపుల్లో వినేవి కావు. కాగితం తీసుకుని చూశాను. పళ్లు లేని నోట్లో పిప్పిపన్ను. అంతకన్నా ఘోరం ఏమిటంటే, బైకులో జీపు కన్నా ఎక్కువ ఉంది.

"సీసా మారిపోయి ఉంటుంది" అన్నాను. అర్థంకానిది ఎదురైనప్పుడు మా వృత్తిలో మొదట అనే మాట అది.

"మారలేదు. నేనే వేశాను నెంబరు. సార్, ఆటో చూడండి. ఆటోలోనూ ఉంది. జీపు కన్నా ఎక్కువ, బైకు కన్నా తక్కువ. ఇంకో జీపు. అందులో ఆకుపచ్చ జీపులో ఉన్నంతే. సార్, మూడు లోహాలూ ఒకే పాళ్లలో ఉన్నాయి. అన్నిట్లోనూ!" అంటూ ఆవిడ నా వైపు తిరిగింది. "ఇదేటి సారూ, బండి ఎంత సిన్నదైతే రోగం అంత పెద్దదవతన్నాది!"

విజయనగరం బయటికొచ్చింది. అంటే విషయం తీవ్రమైనదే.

జీపులో పట్టే ఆయిలు ఎక్కువ, ఆటోలో తక్కువ, బైకులో ఇంకా తక్కువ. పెద్ద బిందెలోనూ, చెంబులోనూ, గ్లాసులోనూ తలో చెంచాడు ఉప్పు వేస్తే ఏది ఎక్కువ ఉప్పగా ఉంటుంది? ఈ లోహం ఆ ఇంజన్లు అరిగి వచ్చింది కాదు. బయటినుంచి వచ్చింది. ఒక్కచోటినుంచే వచ్చింది. అన్ని బళ్లకీ ఒకే కొలతతో ఎవరో పోశారు.

"అయితే ఆకుపచ్చ జీపు బేరింగు..." అన్నాను.

"బాగుండొచ్చు! మన సారు ఫోను సేసి పోయిందని సెప్పీసినారు! ఈరోజే లారీ వొత్తాది!"

ఇద్దరం ఫోన్లు తీశాం. ఆ మలుపులో సిగ్నలు ఉంటే అది మా ఉద్యోగ చరిత్రలో మొదటి అదృష్టం అయ్యేది. లేదు.

"బేగి పోనియ్యండి సార్, బేగి!"

నేను బేగి పోనిచ్చాను. ఆ రోజు నేను ఒక ఎడ్లబండిని దాటాను. నన్నెరిగినవాళ్లు ఈ వాక్యం రెండోసారి చదువుకుంటారు.

సంత చేరేసరికి తుక్కు లారీ వచ్చేసి ఉంది. ఆకుపచ్చ జీపు ముందు కొక్కేనికి తాడు కట్టి ఉంది. తుక్కు ఆసామి లారీ ఎక్కబోతున్నాడు. కాఫీ రైతు జీపు లోపల ఉన్న తువ్వాలు, నీళ్ల సీసా, డాష్‌బోర్డు మీది చిన్న శిలువ తీసి సంచిలో వేసుకుంటోంది. నేను వ్యాను ఆపడం కూడా పూర్తికాకముందే మా సహోద్యోగిని దూకేసింది. నేను ఇంజను ఆపి, హ్యాండుబ్రేకు వేసి, తలుపు తాళం వేసి, తర్వాత పరిగెత్తాను.

"ఆగండి! ఆ తాడు విప్పండి!"

"ఎందుకు విప్పాలి?" అన్నాడు తుక్కు ఆసామి. "మీరే కదా పోయిందన్నారు?"

ఆవిడ నా వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. "అవును బాబూ. మీ పెద్దసారే ఫోను సేసినారు. ఇప్పుడేటి, పోనేదా?"

"పోయి ఉండకపోవచ్చమ్మా."

"పోనాదన్నది మీరే, పోనేదన్నది మీరే. మజ్జిలో ఏటైనాది?"

మధ్యలో బైకు అయింది. ఆ సంగతి సంతలో నిలబడి చెప్పడం కష్టం. అందుకని అడగడం మొదలుపెట్టాం. ఆయిల్లో ఇంకేమైనా కలుపుతారా? "నేదు." ఏమైనా మందు, పొడి? "నేదు బాబూ, ఏటీ నేదు." మాస్టారిని పిలిచి అడిగాం. "కొత్త డబ్బా తప్ప ఇంకేమీ పొయ్యనండీ" అన్నారాయన నిష్కల్మషంగా. ఆటో అతన్ని అడిగాం. అదే మాట. ఎవరి మొహంలోనూ దాస్తున్న ఛాయ లేదు. తుక్కు ఆసామి గడియారం లేని చేతిని రెండుసార్లు చూసుకున్నాడు.

అప్పుడు మా సహోద్యోగినికి తట్టిన ఆలోచనకి ఆవిడకి ప్రమోషన్ రావాల్సింది. "అమ్మా, మీరు ఆయిలు ఎలా మారుస్తారో నాకు ఒకసారి చేసి చూపిస్తారా? మా దగ్గర కొత్త డబ్బా ఉంది. ఉచితం."

ఆ డబ్బా మా ల్యాబుకి నమూనాగా వచ్చింది. మాలిబ్డినం అనే లోహం కలిపిన ఖరీదైన రకం. ఆ కొండమీది దుకాణాల్లో దొరకదు. ఈ వివరం గుర్తుంచుకోండి. మేం తర్వాత మర్చిపోయాం, అది మాకు గుర్తుచేసింది.

"అమ్మీసిన బండికి ఆయిలేటి?" అని ఆవిడ గొణిగింది. కానీ ఉచితం. కొంగు బిగించి జీపు కిందికి దూరింది. పాత ఆయిలు డబ్బాలోకి దించింది. బిరడా బిగించింది. పైకొచ్చి చెయ్యి తుడుచుకుని, కొత్త డబ్బా మూత తీసి, ఒక్క చుక్క కింద పడకుండా పోసింది. నేను చేసినా అంత శుభ్రంగా చెయ్యను. ఎక్కడా తప్పు లేదు. ఇదేం లాభం లేదని నేను అనుకుంటూ ఉండగా ఆవిడ తలెత్తి, ఉప్పందుకోమన్నంత మామూలుగా, మరిదిని కేకేసింది.

"ఒరే మరిదీ, తోడేదీ? బేగి తే!"

తెల్ల జీపు మరిది సీటు కిందినుంచి ఒక క్యాను తీశాడు. స్టీలు గ్లాసు మూతికి గుడ్డ కట్టి ఉంది. క్యానులోంచి నల్లటి ఆయిలు ఆ గుడ్డలోంచి వడకట్టుకుంటూ గ్లాసునిండా పట్టి, వదినకి అందించాడు. ఆవిడ ఆ గ్లాసు ఇంజను మీద వంచబోయింది.

"ఆపండి!" అని మా సహోద్యోగిని అరిచిన అరుపుకి కోళ్లబుట్టల దగ్గర కోళ్లు లేచాయి. గ్లాసు గాల్లో ఆగింది.

"అదేంటమ్మా?" అన్నాను నేను.

"తోడు బాబూ."

"తోడంటే?"

ఆవిడ మా ఇద్దరి మొహాలూ చూసి, పాపం వీళ్లకి ఇంట్లో ఎవరూ చెప్పలేదని గ్రహించింది. "కొత్త నూనె ఒక్కటీ పోత్తే ఇంజనుకి పట్టదు కదా. పాలు ఊరికే పెట్టీసుకుంటే పెరుగైపోతాదేటి? మంచి పెరుగు ఓ గరిటెడు ఎయ్యాల. అలాగే మంచిగా నడిసే బండిలోది పాత నూనె ఓ గ్లాసుడు ఎయ్యాల. అప్పుడు కొత్త నూనెకి పని తెలుత్తాది."

"మరి ఇందాక ఏమీ కలపమన్నారు?"

"కలపడమేటి? తోడు ఎయ్యడం కలపడమేటి? మీ ఇంట్లో పెరుగుని కలితీ అంతారేటి?"

బడి మాస్టారు ఆకాశం వైపు చూస్తున్నారు. సైన్సు మాస్టారే. "నేనూ గ్లాసేనండీ. అందరికీ ఒకే గ్లాసు. అది ఆనవాయితీ" అన్నారు మెల్లిగా.

అందరికీ ఒకే గ్లాసు! జీపుకీ గ్లాసే, ఆటోకీ గ్లాసే, బైకుకీ గ్లాసే. మా సహోద్యోగిని నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఇన్నేళ్లలో మా మధ్య జరిగిన అతిపెద్ద సంభాషణ అది.

అందరికీ మంచి ఇంజను ఎవరిది? తెల్ల జీపుది. తోడు అందరికీ ఎక్కడినుంచి వచ్చింది? తెల్ల జీపునుంచి. అందరి ఆయిల్లో ఉన్న సీసం, రాగి, తగరం ఎవరివి? మేం నోరు విప్పకుండానే ఊరు మొత్తం నెమ్మదిగా తెల్ల జీపు వైపు తిరిగింది.

"ఏటి, అందరూ నా బండినే సూత్తన్నారు?" అన్నాడు మరిది.

"నీ బండి బేరింగు అరుగుతోందేమో అనుకుంటున్నాం బాబూ" అన్నాను, నాకు చేతనైనంత మెత్తగా.

"నా బండా?" అతను నవ్వాడు. ఈసారి ఎవరూ కలవలేదు. "ఇప్పుడే సర్చి వాళ్లని ఎక్కించుకుని నర్సీపట్నం పార్తన కూటాలకి ఎల్తన్నాను. పాటలోళ్లు పన్నెండుమంది ఎనకాల కూకున్నారు. ఇనండి!" అని ఇంజను స్టార్టు చేశాడు. చక్కగానే పలికింది. బేరింగు పోయే ముందు చాలాసేపు ఇంజన్లు చక్కగానే పలుకుతాయి. వెనక కూర్చున్న పాటలవాళ్లు మా వైపు ఆసక్తిగా చూస్తున్నారు. వాళ్లు దిగాల్సిన ఘాట్‌ని నేను అప్పుడే ఎక్కి వచ్చాను.

"మాటలొద్దు. రెండు బళ్ల ఫిల్టర్లూ కోసి చూద్దాం" అంది మా సహోద్యోగిని.

కారణం చెబుతాను. మా యంత్రం చూసేది కంటికి కనబడని సన్నటి పొడి. అది గుడ్డలోంచి కూడా దిగిపోతుంది, తోడుతోపాటు ఊరంతా తిరుగుతుంది. కానీ బేరింగు నిజంగా ఊడుతున్నప్పుడు రేణువులు కాదు, పొలుసులు లేస్తాయి. ఆ పొలుసులు గుడ్డ దాటవు, తన సొంత ఫిల్టరు కాగితంలోనే ఇరుక్కుంటాయి. పొడి ఎవరిదైనా కావచ్చు. పొలుసు మాత్రం ఇంటిదే.

"రంపం ఉందా?" అని అడిగాం. ఉంది. తుక్కు ఆసామి దగ్గర. బేరం పోతుందని తెలిసీ అతను రంపం ఇచ్చాడు. అతనికీ ఆత్రంగానే ఉన్నట్టుంది.

ముందు ఆకుపచ్చ జీపు ఫిల్టరు. పైరేకు కోసి, లోపలి కాగితం మడతలు విప్పి, ఎండకి ఎత్తి పట్టుకున్నాం. నల్లగా ఉంది. అంతే. నలుపు తప్ప ఇంకేం లేదు. ఇంజన్ ఆయిల్లో నలుపు అంటే ఒంట్లో చెమట లాంటిది. ఆవిడ ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని, మడత మడతా తిప్పి చూసింది. ఏం కనబడలేదు. ఏం కనబడకపోవడాన్ని ఒక మనిషి అంత శ్రద్ధగా చూడడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నాదీ కొయ్యండి!" అన్నాడు మరిది. ఇంజను ఆపి, తనే ఫిల్టరు విప్పి, రంపం తనే లాక్కున్నాడు. తనే కోశాడు. తనే మడత విప్పాడు.

మెరిసింది.

అభ్రకం చల్లినట్టు మడతల నిండా మెరుపు. ముందు వరసలో ఉన్న పిల్లలు "ఓ!" అన్నారు. దీపావళి మందులా ఉందన్నారెవరో.

"ఇనప రజను కదా! ఏ ఇంజనులోనైనా ఉంతాది!" అన్నాడు మరిది.

మా సహోద్యోగిని హ్యాండుబ్యాగులోంచి అయస్కాంతం తీసింది. ఆవిడ హ్యాండుబ్యాగులో అది ఎందుకుంటుందో నేనెప్పుడూ అడగలేదు. మెరుపుల మీద అటూ ఇటూ తిప్పింది. ఒక్కటీ లేవలేదు. అయస్కాంతాన్ని అతని కళ్లముందు పెట్టింది. శుభ్రంగా ఉంది.

"ఇనుము కాదు" అంది.

"మరి ఇదేటి?"

"మీ బేరింగు" అన్నాను.

"అది నోపల కదా ఉండాల?"

"అదే మా బాధ కూడాను."

కాఫీ రైతు లేచింది. లారీ దగ్గరికెళ్లి తన జీపు కొక్కేనికి ఉన్న తాడు ముడి విప్పింది. ముడి బిగుసుకుపోయింది, పళ్లతో లాగి విప్పింది. తాడు చుట్టచుట్టి, అతనిచ్చిన డబ్బుతో సహా తుక్కు ఆసామి చేతిలో పెట్టింది. "ఎల్లిరా బాబూ" అంది.

అతను తాడు భుజాన వేసుకుని, తెల్ల జీపు వైపు ఆశగా చూసి, "మరి అదేటైనా ఇత్తారేటి?" అన్నాడు. అప్పుడు ఊరు నవ్విన నవ్వు పాడేరులో వినబడి ఉంటుంది. మరిది ఒక్కడే నవ్వలేదు. కానీ అతను చేసిన పని చెప్పాలి. తెల్ల జీపు వెనక తలుపు తీసి, "దిగండమ్మా, దిగండి. వదిన బండెక్కండి" అని పాటలవాళ్లని తనే దింపాడు. జీపు తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

ఆవిడ మరిది దగ్గరున్న కొత్త ఫిల్టరు బిగించుకుని, సంచిలోంచి శిలువ తీసి మళ్లీ డాష్‌బోర్డు మీద పెట్టింది. తువ్వాలు చుట్టుకుంది. పొద్దున తుక్కు అయిపోయిన బండి పన్నెండుమంది పాటలవాళ్లతో ఘాట్ దిగింది. మొదటి మలుపు దాకా పాట వినబడింది. మా సహోద్యోగిని ఏడుస్తోందని నాకు అనుమానం వచ్చింది. "కళ్లలో ఆయిలు పడింది సార్" అంది, మళ్లీ పాఠ్యపుస్తకంలా.

తెల్ల జీపు ఇంజను అక్కడే విప్పారు. మరిది ఫోటోలు పంపాడు. ఒక బేరింగు రేకు పేపరులా పలచబడి చిరిగి ఉంది. క్రాంకుకి ఏమీ కాలేదు. రేకులు మార్చారు, బండి బతికింది. ఆకుపచ్చ జీపు చప్పుడు వాల్వులదని తేలింది, సరిచేస్తే పోయింది. ఇంకొక్క ఘాట్ దిగి ఉంటే ఏమయ్యేదో ఆ ఫోటో చూసిన మా మేనేజరుగారు కూడా అనలేదు. ఆయన ఆవిడకి మళ్లీ ఫోను చేసి, సంతకం లేకుండానే మంచివార్త చెప్పారు. మా ల్యాబులో అదొక విప్లవం.

తర్వాతి సంతకి మేం మళ్లీ వెళ్లి తోడు ఎందుకు వెయ్యకూడదో ఊరందరికీ వివరించాం. మా సహోద్యోగిని బొమ్మలు గీసి మరీ చెప్పింది. పాలలో ఉండే సూక్ష్మజీవులు ఆయిల్లో ఉండవనీ, కొత్త ఆయిలుకి పని నేర్పక్కర్లేదనీ, ఒకరి రోగం అందరికీ పంచినట్టు అవుతుందనీ. అందరూ శ్రద్ధగా విన్నారు. అందరూ తలలూపారు. మాస్టారు అందరికన్నా ఎక్కువ ఊపారు. మంచి పని చేశామనే తృప్తితో కొండ దిగాం.

మరుసటి ఏడు మళ్లీ శిబిరం. మళ్లీ సీసాలు. ఈసారి తెల్ల జీపు సీసా అందరికన్నా ముందు వచ్చింది. ల్యాబులో సీసం లేదు, తగరం లేదు. మేం సంబరపడ్డాం. అప్పుడు మా సహోద్యోగిని కాగితం మీద వేలు పెట్టి నా వైపు తోసింది.

మాలిబ్డినం.

ఆటోలో మాలిబ్డినం. తెల్ల జీపులో మాలిబ్డినం. మాస్టారి బైకులో అందరికన్నా ఎక్కువ మాలిబ్డినం. కాఫీ పండ్లు పిసికే మిషను ఇంజను ఆయిలు కూడా ఎవరో పంపారు, అందులోనూ మాలిబ్డినం. ఆ కొండమీద ఆ లోహం ఉన్న డబ్బా ఒక్కటే. మేం ఆకుపచ్చ జీపుకి ఇచ్చింది.

వాళ్లు తోడు మానలేదు. తోడు ఇచ్చే బండిని మార్చారు. మా ల్యాబు పరీక్షించి మంచిదని తేల్చిన ఇంజను కన్నా మంచి తోడు ఎక్కడ దొరుకుతుంది? మా బొమ్మల ప్రసంగం విని వాళ్లు తీసుకున్న నిర్ణయం ఇది: ఇకనుంచి తోడు ఇచ్చే ముందు పరీక్ష చేయించాలి. ఈ మాట రిపోర్టులో ఎలా రాయాలో తెలీక మేనేజరుగారు రెండు రోజులు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. చివరికి "వాహనాలన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి" అని రాశారు. అబద్ధం కాదు.

ఆ ఊరినుంచి ఏటా సీసాలు వచ్చేవి. నేను రిటైరయిన ఏడు కూడా వచ్చాయి. వాటితోపాటు నెంబరు లేని ఒక సీసా, మూతికి గుడ్డ కట్టి. దాని మీద అంటించిన చీటీలో మాస్టారి దస్తూరీ: "సారు స్కూటరుకి, వదినగారి బండిలోది."

మా సహోద్యోగిని నా మొహం వైపు చూసింది. నేను చెయ్యవలసిన పనే చేశాను. ఒక చెంచాడు తీసి యంత్రానికి ఇచ్చాను. సీసం లేదు, తగరం లేదు. ఇనుము ఉండవలసినంత. మాలిబ్డినం ఆనవాళ్లు, కొద్దిగా.

ఇంటికొచ్చి స్కూటరు ఆయిలు మార్చాను. కొత్త డబ్బా పోశాను. తర్వాత వీధిలో ఎవరూ చూడటం లేదని నిర్ధారించుకుని, వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చాను. మా మామగారు అరుగు మీద కూర్చుని అంతా చూస్తూనే ఉన్నారట. "మొత్తానికి కొత్త ఆయిలు దాకా వచ్చావన్నమాట" అన్నారు.

ఇంజను ఎలా పలుకుతోందని మాత్రం నన్ను అడక్కండి. నేను శాస్త్రం చదువుకున్నవాణ్ణి. మీరే ఒకసారి వచ్చి వినండి.